నెలకో అరగంట: మెంటర్‌తో నా ఏడాదిన్నర

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్ పూర్తయ్యేసరికి చదువు బాగానే అర్థమవుతోంది. ఈ చదువుతో ఎటు వెళ్లాలన్నదే అర్థం కావడం లేదు. క్లాసులో సగం మంది డేటా సైన్స్ అనేవాళ్లు. ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేవాళ్లు. నాకు మాత్రం ఒక కోర్సులో క్లినికల్ ట్రయల్స్ గురించి చెప్పిన రెండు వారాలు బాగా నచ్చాయి. కొత్త మందు నిజంగా పనిచేస్తోందా లేదా అని తేల్చడంలో మా సబ్జెక్టుకు ఇంత పాత్ర ఉందని అప్పుడే తెలిసింది. కానీ ఆ రంగంలో ఉన్నవాళ్లు నాకు ఒక్కరు కూడా తెలియదు.

మా యూనివర్సిటీలో మెంటరింగ్ ప్రోగ్రామ్ ఉంది. ఫారం నింపితే పూర్వ విద్యార్థుల్లో ఒకరితో జత చేస్తారు. ‘మీకు ఎలాంటి సాయం కావాలి?’ అన్నచోట ‘కెరీర్ గైడెన్స్’ అని రెండు మాటలు రాసి ఇచ్చేశాను. బ్యాంకుల్లో రిస్క్ విభాగం చూసే ఒకాయన్ని కేటాయించారు. మంచి మనిషి, ఓపిగ్గా మాట్లాడారు. అయితే రెండుసార్లు మాట్లాడాక ఆయన చెప్పడానికీ, నేను అడగడానికీ ఏమీ మిగల్లేదు. అందులో ప్రోగ్రామ్ తప్పు కంటే ఆ రెండు మాటల తప్పే ఎక్కువ. నా రూమ్మేట్ అదే ఫారంలో ‘సర్వేలు చేసే సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది ఏం పని ఇస్తారో తెలుసుకోవాలి’ అని రాసింది. తనకు దొరికిన మెంటర్‌తో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంది.

తర్వాత లింక్డ్‌ఇన్‌లో మా డిపార్ట్‌మెంట్ పూర్వ విద్యార్థులను వెతికి పదకొండు మందికి మెసేజ్ పెట్టాను. అందరికీ ఒకే మెసేజ్. మీ ప్రొఫైల్ చాలా స్ఫూర్తినిచ్చింది, దయచేసి నన్ను గైడ్ చేయండి, నాకు మెంటర్‌గా ఉంటారా అని. పదిమంది నుంచి జవాబు లేదు. ఒకరు మాత్రం ‘తప్పకుండా, ఏం తెలుసుకోవాలి?’ అని అడిగారు. ఏం రాయాలో తోచక మూడు రోజులు అలాగే ఉంచేశాను. ఆ తర్వాత జవాబు రాయడానికి మొహం చెల్లలేదు.

ఆ మెసేజ్‌ను మా ప్రొఫెసర్‌కు చూపించాను. ఆయన చదివి, “ఇది చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేయాలి?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. “నీకేం కావాలో కూడా వాళ్లే ఆలోచించి పెట్టాలన్నమాట. పరిచయం లేని మనిషి కోసం అంత తీరిక ఎవరికుంటుంది? ఒక్క ప్రశ్న అడుగు. వాళ్లు మాత్రమే చెప్పగలిగిన ప్రశ్న అడుగు” అన్నారు. మీరే నాకు మెంటర్‌గా ఉండొచ్చు కదా సర్ అంటే, “సబ్జెక్టు ఎంతైనా చెప్తాను. బయట ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలియదు, చేసేవాళ్లనే అడగాలి” అన్నారు. అంత సూటిగా చెప్పినందుకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

అపరిచితులకు రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం ఒక పాత పరిశోధన. సోషల్ నెట్‌వర్క్స్ ఎలెక్టివ్‌లో సోషియాలజిస్ట్ మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసం చదవాల్సి వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను, ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవమన్నవాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకు మనకు తెలిసిన విషయాలే తెలుస్తాయి, కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచి వస్తుంది అన్నది ఆయన వాదన. మనవాళ్లెవరూ ఆ రంగంలో లేరే అని అప్పటిదాకా దిగులు పడేదాన్ని. ఇది చదివాక ఆ దిగులు చాలావరకు తగ్గింది.

రెండోసారి ఐదుగురినే ఎంచుకున్నాను. ఒక్కొక్కరికి విడివిడిగా రాశాను. ఒక మేడమ్‌కు పంపింది ఇదీ:

‘నమస్తే మేడమ్. నేను మీరు చదివిన డిపార్ట్‌మెంట్‌లోనే ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మీరు క్లినికల్ ట్రయల్స్‌లో బయోస్టాటిస్టిషియన్‌గా పనిచేస్తున్నారని చూశాను. వచ్చే సెమిస్టర్‌లో సర్వైవల్ అనాలిసిస్, టైమ్ సిరీస్, ఈ రెండింట్లో ఒకటే తీసుకోవాలి. మీ పనిలో సర్వైవల్ అనాలిసిస్ ఎంతవరకు అవసరమవుతుంది? వీలైతే ఇరవై నిమిషాలు మాట్లాడగలరా? కుదరకపోతే రెండు లైన్ల జవాబు రాసినా నాకు చాలా ఉపయోగం.’

మెంటర్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఐదుగురిలో ఒకరు రెండు లైన్ల జవాబు ఇచ్చారు. ఈ మేడమ్ తొమ్మిదో రోజున ‘శనివారం పదకొండుకు మాట్లాడదాం’ అని రాశారు.

ఆ కాల్‌కు ఏడు ప్రశ్నలు రాసుకున్నాను, మూడే పూర్తయ్యాయి. రోజంతా కోడ్ రాస్తారేమో అనుకున్నాను. “కోడ్ కంటే రాత ఎక్కువ, రాత కంటే మాటలు ఎక్కువ” అన్నారు. ఫలితాలు చూడకముందే ఏ పద్ధతిలో లెక్క కడతామో అనాలిసిస్ ప్లాన్ రాసి పెట్టేసుకోవాలట. డేటా చూశాక పద్ధతి ఎంచుకుంటే మనకు కావాల్సిన ఫలితం వచ్చేదాకా వెతుక్కునే ప్రమాదం ఉంటుంది కదా. మరణం లాంటి ఘటన జరగడానికి ఎంత కాలం పడుతుందో లెక్కగట్టే సర్వైవల్ అనాలిసిస్‌ను తప్పకుండా తీసుకోమన్నారు. ఇరవయ్యో నిమిషంలో నేనే టైమ్ అయిందని చెప్పాను. ఇంకో ఐదు నిమిషాలు ఉండమని ఒక చిన్న పని అప్పగించారు. ‘క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్’ అనే రిజిస్ట్రీ 2000 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. అందులో పూర్తయిన ఒక ట్రయల్ తీసుకుని, మొదట్లో ముఖ్యంగా ఏం కొలుస్తామని నమోదు చేశారో, చివరికి ప్రచురించిన పేపర్‌లో అదే చూపించారో లేదో పోల్చి చూడమన్నారు.

మూడు వారాల్లో ఒక పేజీ రాసి పంపాను. అదే రోజు జవాబు వచ్చింది, ఇంకో కాల్ పెట్టుకుందామని. టైమ్ అడిగేవాళ్లు చాలామంది ఉంటారనీ, చెప్పింది చేసి, ఏమైందో తిరిగి వచ్చి చెప్పేవాళ్లు చాలా తక్కువనీ ఆవిడ చాలా నెలల తర్వాత నాతో అన్నారు. మా పరిచయం ఆ ఒక్క పేజీ వల్లే నిలబడింది.

అప్పటి నుంచి నెలకో అరగంట. కాల్‌కు రెండు రోజుల ముందు నేను ఒక చిన్న మెయిల్ పంపేదాన్ని. అందులో మూడు శీర్షికలు: పోయినసారి నుంచి ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఈసారి ఏం అడగాలి. కాల్ అయిన రోజే నాకు అర్థమైంది రాసి పంపేదాన్ని. నేను తప్పుగా అర్థం చేసుకున్నవి అక్కడే బయటపడేవి.

నాలుగో నెలలో నేను మాయమయ్యాను. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెంటర్లతో సంబంధాలు ఎక్కువగా తెగేది ఇక్కడే అని నా నమ్మకం. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో సర్వైవల్ ప్యాకేజీతోపాటు వచ్చే ‘లంగ్’ డేటాసెట్‌తో, కాలం గడిచేకొద్దీ ఎంత శాతం మంది బతికి ఉంటారో చూపే కప్లాన్-మయర్ కర్వ్ గీసి, చూసి ఏం అర్థమైందో రాయమన్నారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 228 మంది పేషెంట్ల వివరాలవి. నేను గీసిన కర్వ్ ఎక్కడా చూసినవాటితో సరిపోలడం లేదు. రెండు రోజులు కుస్తీ పట్టాను. ఈలోగా పరీక్షలు వచ్చాయి. ఇంత చిన్న పని చేయలేకపోయానని ఎలా చెప్పాలి అనుకుంటూ ఒక కాల్ వాయిదా వేశాను. తర్వాతి నెల ఆ సిగ్గు రెట్టింపైంది. ఆవిడ ‘అంతా బాగానే ఉందా?’ అని పంపిన మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు. ఫోన్ తీసినప్పుడల్లా ఆ మెసేజే కనిపించి టెన్షన్ వచ్చేది.

రెండు నెలల తర్వాత మెయిల్ రాయడానికి కూర్చున్నాను. పరీక్షలనీ, జ్వరమనీ మూడుసార్లు రాసి చెరిపేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టు నాలుగు లైన్లు రాశాను. పని పూర్తి చేయలేకపోయాను, సిగ్గుపడి జవాబివ్వలేదు, క్షమించండి, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలనుంది. ఆవిడ జవాబు: ‘చేయలేకపోయావన్నది కూడా నాకు పనికొచ్చే సమాచారమే. ఎక్కడ ఆగావో పంపు.’

కాల్‌లో తప్పేమిటో ఆవిడ చెప్పలేదు. “నీ లెక్కలో ఎంతమంది చనిపోయినట్టు వచ్చింది?” అని అడిగారు. అరవై మూడు అన్నాను. “228 మందిలో అరవై మూడేనా? వాళ్ల జబ్బు ఏమిటో గుర్తు తెచ్చుకో. ఆ సంఖ్య నమ్మేలా ఉందా?” అప్పుడు హెల్ప్ పేజీ తెరిచి చదివాను. మా పుస్తకంలో 1 అంటే మరణం, 0 అంటే ఫాలో-అప్ ముగిసేసరికి బతికే ఉన్నవాళ్లు. ఈ డేటాలో మాత్రం 1 అంటే బతికే ఉన్నవాళ్లు, 2 అంటే మరణం. నేను మొత్తం తలకిందులు చేశాను. సరిచేస్తే 165 మరణాలు, మీడియన్ (అంటే సగం మంది బతికి ఉండే కాలం) 310 రోజులు వచ్చాయి. కోడ్‌ను అనుమానించే ముందు సంఖ్య నమ్మేలా ఉందో లేదో చూసుకోవడం నాకు ఆ రోజు నుంచే అలవాటైంది. నేను మొదటి వారంలోనే అడిగి ఉంటే పావుగంటలో తేలిపోయేది.

రెజ్యూమే గురించి ఎక్కువ చెప్పను. ‘ఆర్ వచ్చు’ అన్న లైన్ తీసేసి ఏ డేటాతో ఏం చేశానో రాయమన్నారు, రాశాను. మాక్ ఇంటర్వ్యూ మాత్రం మర్చిపోలేను. “నేను డాక్టర్‌ని, స్టాటిస్టిక్స్ రాదు. పీ-వాల్యూ 0.03 వచ్చిందంటే ఏమిటో చెప్పు” అన్నారు. మందు పనిచేయకపోవడానికి మూడు శాతమే అవకాశం ఉంది అని తడుముకోకుండా చెప్పాను. అది తప్పు. మందు వల్ల నిజంగా తేడా ఏమీ లేకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం మూడు శాతం అని చెప్పాలి. ఈ పొరపాటు ఎంత ఎక్కువంటే, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేసింది. పీ-వాల్యూ అనేది మన పరికల్పన నిజమయ్యే అవకాశాన్ని కొలవదు అని అందులో స్పష్టంగా ఉంది. ఆవిడ ఆ ప్రకటన పంపి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ అదే ప్రశ్న అడిగారు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న విషయాన్నే నేను సరిగ్గా చెప్పలేకపోయానని తెలిసింది ఆ కాల్‌లోనే.

చివరి సెమిస్టర్‌లో ఆవిడ సలహాకు వ్యతిరేకంగా ఒక నిర్ణయం తీసుకున్నాను. స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్‌లో ఇంటర్న్‌షిప్ చేయమన్నారు. నాకేమో ట్రయల్స్ మధ్యలో మానేసిన పేషెంట్ల డేటాను ఎలా లెక్కలోకి తీసుకోవాలన్న దాని మీద ప్రొఫెసర్ దగ్గర డిసర్టేషన్ చేయాలనుంది. రెండూ కుదరవు. ఇంతకాలం సాయం చేసిన మనిషి మాట కాదంటే ఏమనుకుంటారోనని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఈసారి మాయం కాలేదు. నిర్ణయం తీసుకునే ముందే కాల్ పెట్టుకుని, నా కారణాలు చెప్పాను. “నా సలహా నా అనుభవంలోంచి వచ్చింది. చేయాల్సింది నువ్వు. కానీ ఎస్‌ఏఎస్ సాఫ్ట్‌వేర్ రాకపోతే మొదటి ఉద్యోగానికి ఇబ్బంది పడతావు, అది విడిగా నేర్చుకో” అన్నారు. నేర్చుకున్నాను. ఆవిడ భయపడినట్టే ఇంటర్న్‌షిప్ లేదని రెండుచోట్ల మొదటి రౌండ్‌లోనే ఆపేశారు. అయినా ఆ డిసర్టేషన్ చేసినందుకు నాకు ఏ విచారమూ లేదు.

మీ కంపెనీలో ఇప్పించండి అని ఆవిడను నేనెప్పుడూ అడగలేదు. అడగకూడదని కాదు. అడిగితే ప్రతి కాల్ ఆ అడగడం చుట్టూనే తిరుగుతుందేమోనని నా భయం. డబ్బు కడితే మెంటరింగ్‌తోపాటు ఉద్యోగం గ్యారంటీ అని మధ్యలో ఒకరు వెంటపడ్డారు. ఉద్యోగం ఇచ్చేది వాళ్లు కాదు కదా, దానికి వాళ్లెలా గ్యారంటీ ఇస్తారని ఆలోచించి వదిలేశాను. చివరికి నాకు ఉద్యోగం మామూలు దరఖాస్తుతోనే వచ్చింది.

చేరిన వారం తర్వాత మాట్లాడినప్పుడు ఆవిడే అన్నారు, ఇక ప్రతి నెలా కాల్ అక్కర్లేదని. “అక్కడ నీ పని రోజూ చూసేవాళ్లుంటారు. వాళ్లలో ఒకరిని వెతుక్కో.” ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధగా అనిపించింది. క్యాథీ క్రామ్ అనే పరిశోధకురాలు మెంటరింగ్ బంధానికి నాలుగు దశలుంటాయని 1983లోనే రాశారని తర్వాత తెలిసింది. మొదలవడం, బలపడటం, విడిపోవడం, చివరికి మరో రూపంలో కొనసాగడం. మూడోది కూడా ఆ దారిలోదే అని చదివాక మనసు కుదుటపడింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి మెయిల్ రాస్తున్నాను, అవే మూడు శీర్షికలతో. పోయిన వారం రాసినదాంట్లో మూడో శీర్షిక కింద ఒకే ప్రశ్న ఉంది. మా టీమ్‌లో ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఎలా తెలుస్తుంది మేడమ్ అని. ఆవిడ ఎదురు ప్రశ్న పంపారు: ‘అక్కడ నువ్వు చేసిన మొదటి అనాలిసిస్‌లో తప్పు పట్టుకున్నది ఎవరు?’