పక్క సీటు మనిషి ఏ కంపెనీయో తెలీదు

నెలకింతని సీటు అద్దె కట్టి కూర్చునే కో-వర్కింగ్ హాల్లో, మనిషి నలిగిపోతున్నా పట్టించుకోవడానికి హెచ్ఆర్ ఉండదు. ఎడమ పక్క కుర్రాడిది హైదరాబాద్ కంపెనీ, కుడి పక్కమ్మాయిది అమెరికా క్లయింటు. అందుకే బెజవాడైనా గుంటూరైనా ఆ భారం హాలు నడిపేవాళ్ల నెత్తినే పడుతుంది.

మొదట శబ్దం. ప్రాణం తీసేది ఏసీ హోరు కాదు, అర్థమయ్యే మాట. పక్కవాళ్ల ఫోను సంభాషణ తెలుగులో చెవిన పడితే వద్దన్నా మనసు అటే పోతుంది. ఇరవై సీట్లకి కనీసం 2 ఫోన్ బూత్‌లు ఉండాలని మా లెక్క. బూత్‌కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. లేకపోతే మే నెలలో ఐదు నిమిషాలకే ఉడికిపోయి తలుపు బార్లా తీసి మాట్లాడతారు, ఇంక బూత్ ఎందుకు?

స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు 1,000 పీపీఎం దాటితే కిటికీలు తెరవండి. సాయంత్రం తలబరువు, చిరాకు అన్నీ పని ఒత్తిడివే కానక్కర్లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది విశ్రాంతి గది విషయంలో. కాఫీ మిషన్ పక్కన, గాజు తలుపుతో, పైన 'వెల్‌నెస్' అని బోర్డు! లోపలికెళ్తే పదిమంది చూస్తారు, అందుకే ఎవరూ వెళ్లరు. నెల తిరిగేసరికి అందులో వాటర్ క్యాన్లు చేరతాయి. గదిని వరండా చివర పెట్టి, గాజుకి ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అంటించి, 'రూమ్ 3' అనండి చాలు. పాలిచ్చే తల్లులకీ, నమాజుకీ, తలనొప్పితో పడుకునేవాళ్లకీ అదే గది ఇస్తే ఎవరు ఎందుకెళ్లారో ఎవరికీ తెలీదు. గడియ మాత్రం బయటినుంచి కూడా తీయగలిగేది బిగించండి.

ఎవరైనా డీలాపడినట్టు కనిపిస్తే విడిగా, కంటికి కనిపించినదే అడగాలి: "రెండు వారాల్నుంచి భోజనానికి కిందకి రావట్లేదు, బానే ఉన్నారా?" డిప్రెషనా అని పేరు పెట్టొద్దు. "అమ్మవారి కొండెక్కి రా, సెట్టవుద్ది" అంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రాణం మీదికొస్తే 108. కాకపోతే 14416, అంటే 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ: ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. బెజవాడ, గుంటూరు రెండు పెద్దాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగం ఉంది.

ఆ నంబరు నోటీసు బోర్డు మీద వద్దు. టాయిలెట్ తలుపు లోపలివైపు అంటించండి, ఎవరూ చూడకుండా ఫోన్లో ఎక్కించుకుంటారు.