హీలియం గీత ఎందుకు తిరగబడుతుంది

అటోసెకన్లు (సెకనును వంద కోట్లతో రెండుసార్లు భాగిస్తే వచ్చేంత చిన్న కాలాలు) కొలుస్తారనగానే, అంత వేగమైన కెమెరా ఎక్కడిదని అడుగుతారు. అలాంటిది లేదు. చివర్లో కూర్చున్నది ఒక్కో స్పెక్ట్రానికి (కాంతి ఏ శక్తి దగ్గర ఎంతుందో చూపే పటానికి) సెకనో రెండు సెకన్లో తీసుకునే సీసీడీ, అంటే కాంతిని పట్టే కెమెరా చిప్. వేగమంతా రెండు పల్సుల (అతి పొట్టి కాంతి మెరుపుల) మధ్య ఎడంలోనే ఉంది.

800 నానోమీటర్ల లేజర్ పల్సును రెండుగా చీల్చి, ఒక పాయను నియాన్ వాయువులో ఫోకస్ చేస్తే 60 ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తికి కొలమానం) దాకా, ఆపైన కూడా కాంతి పుడుతుంది. గాలి దీన్ని మింగేస్తుంది కనుక అక్కడి నుంచి అంతా వాక్యూమే. వెంట వచ్చే లేజర్ కాంతిని 200 నానోమీటర్ల అల్యూమినియం రేకు ఆపుతుంది. రేకుకు సూదిమొనంత చిల్లు పడితే చాలు, కెమెరా తెల్లబోతుంది. అందుకే బిగించే ముందు దీపానికి అడ్డం పెట్టి చూడాలి.

రెండో పాయ జరిగే అద్దం మీద పడి వస్తుంది. అద్దం 1 మైక్రాన్ వెనక్కి జరిగితే దారి 2 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే 6.67 ఫెమ్టోసెకన్ల ఆలస్యం (ఫెమ్టోసెకను అంటే వెయ్యి అటోసెకన్లు). 100 అటోసెకన్ల అడుగు వేయాలంటే అద్దం కదలాల్సింది 15 నానోమీటర్లే! వాక్యూమ్ పంపు వణుకు, చిల్లర్ నీళ్ల గొట్టం దడ, ఏసీ గాలి, ఏదైనా అంతకన్నా ఎక్కువే కదిలిస్తుంది. వేరే లేజర్‌తో వ్యతికరణ చారలు (రెండు కాంతి తరంగాలు కలిసినప్పుడు ఏర్పడే వెలుగునీడల చారలు) చూస్తూ అద్దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దకపోతే డేటా దండగ.

ఇక హీలియం. రెండు పాయలూ చివరికి హీలియం వాయువులోంచి పోతాయి; అది కాంతిని మింగిన చోట స్పెక్ట్రంలో గీత కనిపిస్తుంది. రెండు ఎలక్ట్రాన్లూ పైకి లేచే 2ఎస్2పీ స్థితి 60.15 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది. దాని ఆయుష్షు 17 ఫెమ్టోసెకన్లు, గీత వెడల్పు 0.037 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ పరమాణువును వదిలి నేరుగానూ పోవచ్చు, ఈ స్థితి మీదుగానూ పోవచ్చు. ఆ రెండు దారులూ కలబడటం వల్లే గీత ఒకపక్క ఉబ్బి, ఒకపక్క లొట్టపోయి ఉంటుంది. దీన్నే ఫానో ఆకారం అంటారు. వెనకాలే లేజర్ పల్సు తగిలితే అదే గీత నిటారుగా, రెండువైపులా సమానంగా మారగలదు. మోగుతున్న గంటను మధ్యలో తాకినట్టు, లేజర్ ఆ డోలనపు ఫేజును (ఊగులో ఏ దశలో ఉందో దాన్ని) జరుపుతుందని 2013లో హైడెల్‌బర్గ్ బృందం చూపింది.

సిగ్నల్ బలంగా రావాలని గ్యాస్ ప్రెషర్ పెంచడం మామూలు తప్పు. హీలియం చిక్కనైతే కాంతి దాటేలోపే పల్సు రూపం మారి, గీత వెడల్పవుతుంది. దాన్ని చూసి భౌతికశాస్త్రం అనుకుని మురిసిపోతాం. ప్రెషర్ సగానికి తగ్గించి చూడండి. శోషణ సగమై ఆకారం మారకపోతే అది పరమాణువు చలవే, మారితే గ్యాస్ చేసిన మాయ.

సున్నా ఆలస్యం (రెండు పల్సులూ ఒకేసారి చేరే చోటు) ఎక్కడుందో తేలకపోతే స్పెక్ట్రంలోని చారలనే అడగాలి. గీత చుట్టూ కనిపించే చారల దూరం ఆలస్యానికి విలోమం: 10 ఫెమ్టోసెకన్లకు సుమారు 0.41, 20కి 0.21 ఎలక్ట్రాన్ వోల్టులు. అద్దం చెప్పే లెక్కా ఇదీ కలవకపోతే నేను చారలనే నమ్ముతాను.