కంద కూర రుచి తెలిసిన రోజు

మూలా నక్షత్రం నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బండి దిగుతుంటే మోకాళ్లు పట్టు తప్పాయి. వానలో తడిశాను కదా, పడిశెం జ్వరమే అనుకున్నాను. రాత్రికి 103. కళ్ల వెనక ఒకటే నొప్పి. మూడో రోజు రక్తపరీక్షలో డెంగీ అని తేలింది.

పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. "జ్వరం దిగాకే అసలు జాగ్రత్త" అని కూడా అన్నారు. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఐదో రోజు ఒళ్లు చల్లబడింది. మావారు హమ్మయ్య అనుకునేలోపే ప్లేట్‌లెట్లు 42 వేలకు పడ్డాయి. తక్కువలో తక్కువ లక్షన్నర ఉండాలిట. దసరా సెలైన్ సీసా కిందే గడిచింది. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం పంపితే ఒక్క గుక్క మింగి కక్కేశాను. ప్లేట్‌లెట్లు పెరిగింది దానివల్లేనని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. వాటంతట అవే పెరుగుతాయని డాక్టరుగారు ముందే చెప్పారు కానీ, ఆవిడ ముచ్చట నేనెందుకు కాదనాలి?

ఇంటికొచ్చాక ఇంకో తంటా. నోరంతా చేదు. మంచినీళ్లు కూడా ఇనుము నాకినట్టుండేవి. అన్నీ తినొచ్చని డాక్టరుగారన్నా, మా అత్తయ్యగారి పథ్యం ఆవిడది. బీరకాయ పెసరపప్పు, పాలు పోసిన ఆనపకాయ కూర, పొట్లకాయ, మిరియాల చారు. మళ్లీ బీరకాయ. "నాలుగు ముద్దలు తినవే" అని పక్కనే కూర్చునేవారు. "వద్దత్తయ్యా" అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఓరోజు వాళ్లకోసం తీపి గుమ్మడికాయ, చిలగడదుంప వేసి దప్పళం కాచారు. మామూలుగా గిన్నె ఊడ్చేసేదాన్ని, ఆ రోజు వాసన రాకుండా తలుపు వేయమన్నాను. స్నానం చేసొచ్చి అరగంట పడుకుంటే తప్ప జడ వేసుకోలేకపోయేదాన్ని.

దీపావళి వెళ్లింది, నాగుల చవితి వెళ్లింది. ఆ తర్వాత రెండు రోజులకి మార్కెట్ నుంచి కంద వచ్చింది. అత్తయ్య చేతులకి నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చున్నారు. ఏమనుకున్నారో, బచ్చలి కట్ట నా ఒళ్లో పడేసి "ఆకు తుంపు" అన్నారు. నెల తర్వాత నేను చేసిన మొదటి పని అదే. కంద, బచ్చలి ఉడికాక చింతపండు గుజ్జు పోసి, పోపు పెట్టి, దించి చల్లారాక ఆవపిండి కలిపారు. పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుతుంది.

మొదటి ముద్దకే ఆవ ఘాటు ముక్కుకెక్కింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో ముద్దకి నాలుక చివర సన్నగా దురద.

"అయ్యో, చింతపండు చాలలేదే!" అని అత్తయ్య కంచం లాక్కోబోయారు.

ఇవ్వలేదు. పులుపు తెలుస్తోంది, ఉప్పు తెలుస్తోంది, దురద కూడా తెలుస్తోంది మరి. ఇంకో గరిట వేయించుకుని, పైన నెయ్యి పోయించుకున్నాను. మావారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని పెరుగన్నంలోకి వెళ్లిపోయారు. రాత్రంతా గొంతు గరగరే. రెండు గ్లాసుల మజ్జిగ తాగి, గిన్నెలో ఇంకా మిగిలిందా అని అడిగాను.