అంకె తగ్గింది, వేగం పెరగలేదు

"చూడన్నా, మెమరీ ఎంత ఖాళీ అయిందో!" అని తమ్ముడు మానిటర్ మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఎవరో చెబితే పొద్దున కంప్యూటర్లో ర్యామ్ బూస్టర్ ఒకటి ఎక్కించాడు, అంటే ర్యామ్‌ను (కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడే మెమరీని) ఖాళీ చేస్తానని చెప్పే ప్రోగ్రాము. 4 జీబీలో వాడకం 3.4 నుంచి 1.9కి పడిపోయింది.

సరేనని, అప్పటికే తెరిచి ఉన్న బ్రౌజర్ మీద నొక్కాను. తెర తెల్లబోయింది. సీపీయూ డబ్బా మీద, డిస్క్ పనిచేస్తోందని చెప్పే ఎర్ర లైటు ఆగకుండా మిణుకుతోంది, లోపల హార్డ్ డిస్క్ గరగర. పేజీ కనబడేసరికి అమ్మ ఇచ్చిన టీ సగమైపోయింది.

ఆ లైటు చూశాకే నాకు విషయం అర్థమైంది. బూస్టర్ కొత్తగా మెమరీ తెచ్చిపెట్టదు. నడుస్తున్న ప్రోగ్రాముల డేటాను ర్యామ్‌లోంచి డిస్కులోని పేజ్ ఫైల్‌లోకి (ర్యామ్‌లో పట్టని డేటాను విండోస్ దాచే చోటు) నెట్టిస్తుంది. మనం నొక్కగానే అదంతా మళ్లీ వెనక్కి రావాలి. ర్యామ్ వేగమెక్కడ, హార్డ్ డిస్క్ వేగమెక్కడ! పైగా మిగిలిన ర్యామ్‌ను విండోస్ ఊరికే వదలదు, కాష్‌గా, అంటే మళ్లీ అవసరమయ్యే డేటాను దగ్గర ఉంచుకోవడానికి, వాడుకుంటుంది.

బూస్టర్ తీసేశాం. తమ్ముడి ముఖం చిన్నబోతే నాకే బాధేసింది, వాడి డిగ్రీ ప్రాజెక్టు ఈ కంప్యూటర్ మీదే చేయాలి మరి. స్టార్టప్‌లో అనవసరంగా లేచే నాలుగు ప్రోగ్రాములు ఆపేశాం, కొంచెం తేలికైంది.

రేపు ఎండ ముదరకముందే ఏడురోడ్ల కూడలి వైపు వెళ్లి ఇంకో 4 జీబీ ర్యామ్ వేయిస్తాను. జీతం పడ్డాక, హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ.