మిడ్స్ అయ్యాక చూద్దాంలే అనుకున్న దగ్గు

నాకు టీబీ అని తెలిసిన రోజు నేను మొదట అడిగింది "సెకండ్ మిడ్ పరీక్ష రాయొచ్చా సార్" అని. డాక్టర్ గారు కాసేపు నా వైపే చూసి, "ముందు తిండి తినమ్మా" అన్నారు. అప్పుడు నా బరువు 44 కిలోలు. కాలేజీలో చేరినప్పుడు 53.

ఇది 2025 ఫిబ్రవరి సంగతి. నేను బీటెక్ త్రీ టూ, అంటే మూడో ఏడాది రెండో సెమిస్టర్, విజయవాడ దగ్గర కాలేజీ, హాస్టల్లో రూముకి నలుగురం. పొద్దున తొమ్మిదికి క్లాసులు మొదలైతే నాలుగింటిదాకా అవే, తర్వాత ఆరున్నర వరకు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, అది అయ్యాక ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు, కోడింగ్ టెస్టులు, ఇవన్నీ అయ్యేసరికి రాత్రి పదకొండు, అసలు చదువు అప్పుడు మొదలయ్యేది. రెండింటికో మూడింటికో పడుకుంటే ఎనిమిదిన్నరకి లేచి మొహం కడుక్కుని పరిగెత్తడమే, మెస్‌లో టిఫిన్ తిన్న రోజులు వారంలో రెండు కూడా ఉండేవి కాదు. రాత్రి ఆకలేస్తే కెటిల్‌లో మ్యాగీ, నిద్రొస్తే కాఫీ. ఫ్లోర్ అంతా ఇలాగే ఉండేది కాబట్టి ఇది తప్పని ఎవరికీ అనిపించలేదు, త్వరగా పడుకున్నవాళ్ళే వెనకబడిపోతున్నట్టు ఉండేది.

దగ్గు డిసెంబర్‌లో మొదలైంది. చలికాలం, ల్యాబ్‌లో ఏసీ, దుమ్ము, ఏదో ఒకటి అనుకున్నా. మెడికల్ షాపులో సిరప్ కొన్నా. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ చూసి "ఏంటే ఇలా చిక్కిపోయావ్, డాక్టర్‌కి చూపిద్దాం పద" అంది, "మిడ్స్ అయ్యాక చూద్దాంలే అమ్మా" అన్నా. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పన్ను నొప్పికి అదే మాట, పీరియడ్స్ రెండు నెలలు రాకపోతే అదే మాట, సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడి తెల్లారేలోపు చెమటకి దుప్పటి తడిసిపోతుంటే కూడా అదే మాట. స్ట్రెస్ వల్ల అనుకున్నా. స్ట్రెస్ అనే ఒక్క మాట కింద అన్నీ తోసేశా, అది నేను చేసిన పెద్ద తప్పు. కాలేజీ దగ్గర క్లినిక్‌లో రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, వాడినన్ని రోజులు కాస్త తగ్గినట్టుండి మళ్ళీ మొదటికొచ్చేది.

ఫస్ట్ మిడ్ చివరి పరీక్ష రోజు పొద్దున బేసిన్ దగ్గర దగ్గితే కళ్ళెలో ఎర్రగా చార కనపడింది. నీళ్ళు వదిలేసి వెళ్ళి పరీక్ష రాశా. ఆ పరీక్షలో రాసింది ఏమీ గుర్తులేదు గానీ ఆ చార మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది. సాయంత్రం నాన్నకి ఫోన్ చేశా, రాత్రి బస్సుకి ఇంటికెళ్ళిపోయా.

మా ఊరి పీహెచ్‌సీలో డాక్టర్ గారు రెండు నిమిషాల్లో అన్నారు, "రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించాలమ్మా, నువ్వు రెండు నెలలు మోశావు". అప్పటికప్పుడు ఒక డబ్బాలో, మర్నాడు పొద్దున లేవగానే ఇంకో డబ్బాలో కళ్ళె ఇచ్చా. ఎక్స్‌రే తీశారు. సీబీనాట్ అనే మెషీన్ పరీక్షలో టీబీ ఉందని తేలింది, ముఖ్యమైన మందుకి లొంగే రకమో మొండి రకమో కూడా అందులోనే తెలుస్తుందంట, నాది లొంగే రకమే. డాక్టర్ గారు ఇంకో మాట స్పష్టంగా చెప్పారు, స్ట్రెస్ వల్ల టీబీ రాదు, బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కానీ సరిగ్గా తినకుండా బరువు పడిపోయిన ఒంట్లో అది సులువుగా లేస్తుంది అని.

అమ్మ ఇంటికొచ్చి తలుపేసి ఏడ్చింది. "ఎవరికీ చెప్పకే, రేపు సంబంధాలు చూడాలంటే ఏమంటారు" అంది. అడిగినవాళ్ళకి కామెర్లు అని చెప్పింది. నాకు కోపం రాలేదు, భయపడిందని తెలుసు. కానీ రూమ్‌మేట్స్‌కి మాత్రం దాచలేకపోయా, వాళ్ళకీ పరీక్ష చేయించాలి కదా. ఫోన్‌లో చెప్తే ఒకమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ముగ్గురికీ ఎక్స్‌రేలు తీశారు, ఎవరికీ లేదు. ఆ మెసేజ్ వచ్చిన రాత్రి నేను మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయా.

మొత్తం ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, నా బరువుకి రోజుకి మూడు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసింది. అన్నీ ఉచితం, పైగా పోషణ కోసం నెలకి 1000 రూపాయల లెక్కన అకౌంట్‌లో వేస్తారు, 2024 నవంబర్‌కి ముందు అది 500 ఉండేది. మాత్రలు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేదాన్ని. మొదటి పది రోజులు నోట్లో ఏం పెట్టినా వాంతే. కళ్ళు పచ్చబడినా, రంగులు తేడాగా కనపడినా వెంటనే రమ్మన్నారు, రోజూ అద్దంలో కళ్ళు చూస్కునేదాన్ని. రెండు వారాలు వాడాక మామూలుగా ఇంక ఎవరికీ అంటుకోదు అన్నా కూడా నా గ్లాసు నేనే విడిగా పెట్టుకునేదాన్ని, ఆ బెరుకు పోవడానికి చాలా టైం పట్టింది.

ఇక చదువు. రోజూ పొద్దున ఏడింటికి మాత్రలు, ఒక గంట తర్వాత టిఫిన్, ఈ రెండూ కదలవు, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకోవాల్సిందే. నా జీవితంలో మొదటిసారి పరీక్ష కంటే ముందు వచ్చేది ఒకటుంది. పుస్తకం పడితే నలభై నిమిషాలకే నీరసం వచ్చేది, పడుకుని లేచి మళ్ళీ నలభై నిమిషాలు, రోజుకి అలా మూడుసార్లు, అంతే. ఒక నెలయ్యాక చూస్కుంటే మూడు యూనిట్లు అయిపోయాయి, నిజంగా నమ్మలేకపోయా. హాస్టల్లో రాత్రి పదకొండు నుంచి రెండింటిదాకా కూర్చున్నదాంట్లో ఎంత చదివానో అప్పుడు నిజాయితీగా గుర్తు చేస్కున్నా, పక్కన ఫోను, వాట్సాప్ గ్రూపులో "నీకెంత అయ్యింది" అని మెసేజ్‌లు, అది చూసి కంగారు, మళ్ళీ కాఫీ.

అయినా కంగారు ఒక్కసారిగా పోలేదు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ నేను లేకుండానే నడుస్తోందని తెలిసి ఒక రాత్రి ఊపిరాడనట్టయింది. జబ్బు తిరగబెట్టిందేమో అనుకున్నా, కాదు. ఆశా అక్క చెప్తే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశా, తెలుగులోనే మాట్లాడారు, ఒకావిడ అరగంట విన్నారు. రేపు చేయాల్సినవి కాదు, ఈ సెమిస్టర్‌లో వదిలేయాల్సినవి కాగితం మీద రాయమన్నారు. అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండు సబ్జెక్టులు సప్లీకి వదిలేశా, ట్రైనింగ్ పూర్తిగా వదిలేశా. అటెండెన్స్ 68 శాతం, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, హాజరు తగ్గినా పరీక్ష రాయనివ్వడానికి కట్టే కాండొనేషన్ ఫీజు కట్టా. సెమ్ ఎగ్జామ్స్ మాస్క్ పెట్టుకుని రాశా, రాసిన సబ్జెక్టులన్నీ పాసయ్యా. స్కూల్లో ఒక్క పేపరూ పోని పిల్లకి సప్లీ అనేది ఎంత బరువో చదువుకున్నవాళ్ళకి తెలుసు, కానీ రెండూ తర్వాత క్లియర్ అయిపోయాయి.

ఆగస్టులో కోర్సు అయిపోయింది, కళ్ళె పరీక్ష నెగెటివ్, బరువు 51. ఇప్పుడు ఫోర్త్ ఇయర్. పదకొండున్నర దాటితే లైట్ ఆపేస్తా, మెస్‌లో టిఫిన్ తింటా, కోడింగ్ టెస్ట్ పోతే పోనీ అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మొన్న ఇంటికెళ్ళినప్పుడు పక్కింటి కోడలు మా అరుగు మీద కూర్చుని మాట్లాడుతూ ఆగకుండా దగ్గుతోంది. ఎన్నాళ్ళ నుంచి అని అమ్మ అడిగితే నెల దాటింది పిన్నీ, దసరా అయ్యాక చూపించుకుంటాలే అంది. అమ్మ చేతిలో బియ్యం చేట కింద పెట్టి, "దసరా అయ్యాక కాదే, రేప్పొద్దునే వెళ్దాం, నేనొస్తా. మా అమ్మాయికి వచ్చింది కామెర్లు కాదు, టీబీ. తగ్గిపోయింది, చూడు ఎలా ఉందో" అంది.