పీఎఫ్ చెల్లింపుల తేదీలు చూసుకుని వెళ్లిన ఇంటర్వ్యూ

నేను అంతకుముందు పనిచేసిన సంస్థలో పద్నాలుగు నెలలపాటు జీతంలోంచి పీఎఫ్ కోసుకున్నారు గాని, నా ఖాతాలో జమ అయింది తొమ్మిది నెలల సొమ్మే. ఆ సంగతి నాకు ఉద్యోగం మానేసి పాస్‌బుక్ తెరిచాక తెలిసింది. అందుకే జీడిమెట్ల పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీ నుంచి అకౌంట్స్ ఉద్యోగానికి పిలుపు వచ్చినప్పుడు, జీఎస్టీ నిబంధనలు తిరగేయడానికి ముందే ఆ కంపెనీ లెక్కలు చూడాలని నిశ్చయించుకున్నాను.

మొదట కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో వెతికాను. ప్రతి కంపెనీకీ అక్షరాలు, అంకెలు కలిపి 21 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో రాష్ట్రాన్ని తెలిపే రెండు అక్షరాల తర్వాత వచ్చే నాలుగు అంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం. తమకు పాతికేళ్ల అనుభవం ఉందని చెప్పుకుంటున్న ఈ కంపెనీ సంఖ్యలో 2014 కనిపించేసరికి అనుమానం కలిగింది. అయినా తొందరపడకుండా, రుసుము కట్టి రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు చదివాను. అమ్మకాలు పెరిగాయి గాని, కొనుగోలుదారుల నుంచి రావలసిన బాకీలు అంతకంటే వేగంగా పెరిగాయి. నేను అడుగుతున్న కుర్చీలో కూర్చునేవారికి రోజూ ఏ పని ఎదురవుతుందో ఆ ఒక్క పద్దుతోనే అర్థమైంది.

అసలు సమాచారం పీఎఫ్‌ను నిర్వహించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైటులో దొరికింది. అక్కడ సంస్థ పేరుతో వెతికి చెల్లింపుల వివరాలు తెరిస్తే, ఏ నెలకు ఎంతమంది ఉద్యోగుల తరఫున ఎంత సొమ్ము ఏ తేదీన జమ అయిందో ఎవరైనా చూడవచ్చు. ఒక నెల సొమ్మును మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. రెండేళ్ల తేదీలను నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే ఇరవై నెలలు సకాలంలోనే ఉన్నాయి. మార్చి నుంచి జూన్ వరకు వరుసగా నాలుగు నెలలవి మాత్రం బాగా ఆలస్యంగా జమ అయ్యాయి. ఆలస్యం వేరు, ఎగవేత వేరు. రెండోదాన్ని అనుభవించినదాన్ని గనుక ఆ తేడా నాకు చాలా ముఖ్యం.

ముందురోజు కంపెనీ దాకా వెళ్లి, గేటు ఎదుట టీకొట్టు దగ్గర, షిఫ్టు దిగిన ఒక పెద్దాయనను జీతాల గురించి అడిగాను. “ఏడో తారీఖు దాటదమ్మా, ఆ ఒక్క ఎండాకాలం తప్ప” అన్నారు.

ఇంటర్వ్యూ చివర, ఏమైనా అడగదలచుకున్నారా అన్నప్పుడు, “సార్, ఆ నాలుగు నెలల పీఎఫ్ ఆలస్యానికి కారణం తెలుసుకోవచ్చా?” అని అడిగాను. ఫైనాన్స్ మేనేజరు కాసేపు మౌనంగా ఉండి, ఒక పెద్ద కొనుగోలుదారు బిల్లులు ఆపేశారని, తర్వాత అసలుతోపాటు ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ కూడా కట్టామని చెప్పి, ఫైలు తెప్పించి చలానాలు చూపించారు. సంవత్సరం సంగతి కూడా అడిగాను. 2014కు ముందు అది భాగస్వామ్య సంస్థగా నడిచిందట. నాకు కలిగిన అనుమానాన్ని అడక్కుండా మనసులోనే పెట్టుకుని ఉంటే వారికి అన్యాయం చేసినదాన్నయ్యేదాన్ని.

పీఎఫ్‌లో నా వాటా, యజమాని వాటా నియామక పత్రంలో విడివిడిగా చూపించమని కోరి, అలా ఇచ్చాకే సంతకం చేశాను. చేరిన రోజున నాకు అప్పగించిన మొదటి పని, 90 రోజులు దాటిన బాకీల జాబితా తయారుచేయడం.