అంబాసిడర్ తలుపులకు కొత్త రబ్బర్లు

మా నాన్న 1986లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ గుంటూరులో మా ఇంటి షెడ్డులోనే ఉంది. ఇంజన్ బాగుంది, పెయింట్ మూడేళ్ల కింద వేయించాం. కానీ మిర్చి సీజన్ మొదలైతే ఆ కార్లో అమ్మని ఎక్కించాలంటే నాకు టెన్షన్. యార్డు వైపు నుంచి వెళ్తే అద్దాలన్నీ ఎత్తేసినా తలుపు సందుల్లోంచి ఘాటు లోపలికి కొట్టేది, ఇంటికి చేరేదాకా ఆవిడకి తుమ్ములూ కళ్లలో నీళ్లూ ఆగేవి కావు. వానాకాలం ఇంకో బాధ. వెనక సీటు ముందు మ్యాటు ఎత్తి చూస్తే కింద నీళ్లు నిలిచి ఉండేవి, రెండు రోజులు పట్టించుకోకపోతే తుప్పు మొదలు. పాత కారుని తినేసేది ఇంజన్ కాదు, ఆ తుప్పే.

తలుపు రబ్బర్లు చచ్చిపోయాయని చూస్తేనే తెలిసిపోతోంది. ముందు తలుపు పై మూలలో కాస్త వేలితో వంచితే ఎండిన వడియంలా పటుక్కున విరిగింది, లోపలంతా నల్లటి పొడి. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవి చాలావరకు పాత కొలతలు చూసి కొత్తగా పోసినవే. ఎవరైనా ఒరిజినల్ స్టాకు ఉందని చెప్పినా నేనైతే తీసుకోను, రబ్బరు ప్యాకెట్లో ఉన్నా ముసలిదవుతుంది.

మొదటి సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అమ్మినాయన ఫోటోలో బాగానే ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని డ్రైవర్ పక్క తలుపుకి అతికించేశాను, సాయంత్రం తలుపు వేస్తే పడదు. మామూలుగా వేస్తే తిరిగి వెనక్కి తన్నుతోంది, గట్టిగా కొడితే లాక్ పడింది గానీ తలుపు వెనక అంచు బాడీ కంటే పైకి లేచి నిలబడింది. నాలుగు రోజులు వాడితే అదే సర్దుకుంటుంది అన్నారు తెలిసినవాళ్లు. మా నాన్న ఎవరు కారెక్కినా "తలుపు వెయ్యండి, కొట్టకండి" అనేవారు, ఆ మాట గుర్తున్నా వారం రోజులు కొడుతూనే వాడాను. ఎనిమిదో రోజు పై హింజ్ దగ్గర కొత్త పెయింట్‌లో వెంట్రుకంత సన్నగా ఒక పగులు కనపడింది. ఆ పగులు చూసి నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రబ్బరు వైపు చూడనే లేదు. తలుపు సగం తెరిచి, కింద అంచు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా పైకి ఎత్తారు. టక్ మని చప్పుడొచ్చి తలుపు లేచింది. "చూడు బాబూ, పై హింజ్ పిన్ను అరిగి తలుపు కిందికి జారింది. ఇందులో రబ్బరు తప్పేముంది?" అన్నారు. నేను అతికించిందంతా పీకించేసి, పిన్నులు మార్చి, లాక్ ప్లేటు సరిచేసి, రబ్బరు లేని ఒట్టి తలుపుని రెండు వేళ్లతో నెట్టి చూపించారు. ఒక్క క్లిక్, అంతే. పక్క తలుపుతో గీత గీసినట్టు సమానంగా కూర్చుంది. "రబ్బరు లేనప్పుడు ఇట్లా పడాలి. ఆ తర్వాతే రబ్బరు సంగతి" అన్నారు. పాత కారుకి రబ్బర్లు వేయించేవాళ్లందరికీ నేను చెప్పేది కూడా ఇదే, తలుపు సెట్ చేయకుండా ఎంత మంచి రబ్బరు వేసినా డబ్బులు దండగ, పైగా తలుపుకి దెబ్బ.

ఇంటికొచ్చాక సందు ఎంతుందో కొలవాలి కదా. పిల్లలు ఆడుకునే క్లే చిన్న చిన్న ఉండలు చేసి, మీద పల్చటి కవరు ముక్క కప్పి, తలుపు చుట్టూ పది చోట్ల పెట్టి తలుపు వేసి తీశాను. నొక్కుకుపోయిన ఉండల్ని కోసి స్కేలుతో కొలిస్తే హింజ్ వైపు 6 మిల్లీమీటర్లు, లాక్ వైపు కింద మూలలో 10. నేను ముందు అతికించిన రబ్బరు మందం 15, అదీ స్పాంజి కాదు, గట్టి రబ్బరు. 6 మిల్లీమీటర్ల సందులో అది ఎలా పడుతుంది?

రెండోసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు. సికింద్రాబాద్ పని మీద వెళ్లినప్పుడు రాణిగంజ్‌లో రబ్బరు సామాన్ల షాపులు తిరిగి, చేత్తో పట్టుకు చూసి, నాలుగు తలుపులకీ కలిపి 16 మీటర్ల స్పాంజి రబ్బరు తెచ్చుకున్నాను. రెండు వేళ్ల మధ్య నొక్కితే సగానికి సగం అణగాలి, వదలగానే తిరిగి లేవాలి, గోరు గుర్తు మిగలకూడదు. కోసిన చోట చూస్తే లోపల సన్నటి రంధ్రాలు ఒకే తీరుగా ఉండాలి, పైన నున్నటి చర్మం లాంటి పొర ఉండాలి, ఆ పొర తెగితే స్పాంజి నీళ్లు పీలుస్తుంది. ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరే అడగండి. మామూలు రబ్బరు ఎండకీ గాల్లో ఉండే ఓజోన్‌కీ పగిలిపోతుంది, ఇది చాలా ఏళ్లు తట్టుకుంటుంది. దీనికి పడనివి పెట్రోలూ, నూనే, గ్రీజూ. ఇవి తగిలితే ఉబ్బుతుంది. అందుకే మెరుపు కోసం డ్యాష్‌బోర్డుకి రాసే నూనెలేవీ దీనికి రాయొద్దు, కొంచెం టాల్కం పౌడరో సిలికాన్ స్ప్రేనో చాలు.

అతికించడం కంటే పాత సొల్యూషన్ తీయడానికే ఎక్కువ టైం పట్టింది. థిన్నర్ వాడితే పెయింట్ కూడా లేచొస్తుంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, పాత ఏటీఎం కార్డుతో గీకి, మిగిలిన జిడ్డుని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆ కిరోసిన్ పోవడానికి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఒక్కో తలుపుకి దాదాపు మూడు గంటలు. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, అద్దం సందులోంచి తలుపు లోపలికి ఎప్పుడూ కొంత నీరు దిగుతుంది కాబట్టి అవి తెరిచే ఉండాలి. మా కారుకి పెయింట్ వేసినప్పుడు లప్పం పడి మూడు తలుపులవి మూసుకుపోయాయి! సైకిల్ చువ్వతో పొడిస్తే వెనక తలుపులోంచి గ్లాసుడు బురద నీళ్లు వచ్చాయి. మ్యాటు కింది నీళ్లలో సగం పాపం దానిదే.

రబ్బరు చుట్ట విప్పి అరగంట ఎండలో పరిచాను, మడతలు పోయాయి. ముందు సొల్యూషన్ లేకుండా మాస్కింగ్ టేపుతో చుట్టూ నిలబెట్టి తలుపు వేసి చూసుకోవాలి, ఇది మాత్రం మానొద్దు. అతుకు కింద అంచు మధ్యలో రావాలి, పైన వస్తే వాన నీళ్లు నేరుగా దిగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, రబ్బరుని లాగొద్దు. లాగి అతికిస్తే ఆ రోజు అందంగా ఉంటుంది, పది రోజులకి అది తన పొడవుకి ముడుచుకుని మూలల్లో ఊడి వచ్చేస్తుంది. నేను మూలల దగ్గర ఇంకాస్త లోపలికి నెట్టి కూర్చోబెట్టాను. ఫెవికాల్ ఎస్ఆర్ 998 రెండు వైపులా పల్చగా రాసి, వేలు పెడితే అంటుకోనంతవరకు ఆగి, జానెడు జానెడు చొప్పున నొక్కుకుంటూ వెళ్లాను. చివర 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, ఆ రెండు కొసలూ ఒకదాన్నొకటి నెట్టుకునేట్టు కలిపాను.

తలుపులు మూసి రెండు రోజులు కదిలించలేదు. మూడో రోజు ముందు తలుపు రెండు వేళ్లతో కాదు గానీ అరచేత్తో నెట్టితే పడింది. నాలుగు తలుపులూ అద్దాలూ మూసి ఉంటే ఆఖరి తలుపు కొంచెం బరువుగా పడుతుంది, లోపలి గాలికి దారి లేదు కాబట్టి. ఒక అద్దం వేలెడంత దించితే సరి.

తర్వాత పాత కరెంటు బిల్లు ముక్క తలుపులో పెట్టి మూసి లాగి చూశాను, చుట్టూ రెండంగుళాలకొకసారి. మూడు తలుపుల్లో ఎక్కడ లాగినా కాగితం పట్టేసుకుంది. పైపు పెట్టి పది నిమిషాలు నీళ్లు కొట్టించాను, లోపల అమ్మ టార్చ్ పట్టుకుని కూర్చుంది, చుక్క రాలేదంది. వెనక ఎడమ తలుపు పై మూలలో మాత్రం కాగితం ఇంకా జారి వస్తోంది, అక్కడ సందు ఒక మిల్లీమీటరు ఎక్కువుంది. వచ్చే ఆదివారం ఆ జానెడు ముక్క లేపి కింద పల్చటి రబ్బరు పట్టీ వేస్తాను.